మంచుకొండయు హంసలును

మా సావడిలో తూర్పుగోడమీద ఒక మేకు కలదు. సంవత్సరములో పదునొకండు మాసములు దానికేమియు వ్రేలాడదు. ఇంటికి వచ్చిన బంధువులలో కొందఱు దానిని చూచి, అక్కడ నుండిన పటము పగిలిపోయినదా యని పరామర్శింతురు. మఱికొందఱు తమయొద్ద నున్న క్యాలెండరు నొకదానిని పంపుదుమని సదుద్దేశముతో చెప్పుదురు. మేము వలదని చెప్పి ఊరకుందుము. ఆ మేకును ఖాళీగా నుంచుట నేర్చుకొనుటకు మాకు మూడు సంవత్సరములు పట్టినది. ఆ మూడు సంవత్సరములలో మావలన జరిగిన యపచార మొకటి కలదు. దానిని చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

కొన్నియేండ్ల క్రిందట మా కుమార్తెయు అల్లుడును ఉద్యోగమునిమిత్తము జపానుదేశమున ఓత్సు పట్టణమునందు కాపురముండిరి. ఆ పట్టణము బివాసరస్సు తీరమున నున్నది. ఆ దేశపు సరస్సు లన్నింటిలోను బివా పెద్దది. దాని వైశాల్యము సుమారు 670 చదరపు కిలోమీటర్లు. మేమును మా గృహిణియు బిడ్డలను చూడబోయి, శరత్తు నడుమనుండి చలికాలము ముదురువఱకు అచ్చట నుంటిమి. వారు అద్దెకుండినది ఒక వృద్ధురాలి యింటిలోని పెరటివైపు భాగము. ముందుభాగమున ఆమె ఒంటరిగా నుండెడిది. మా కుమార్తె ఆమెను 'ఒబాసన్' అని పిలిచెడిది. అవ్వగారు అని దాని యర్థము.

మేము చేరిన నాలుగవనాడు అవ్వగారు మమ్ము తేనీటికి పిలిచెను. ఆ గదిలో నేలపై గడ్డిచాపలు తప్ప మఱేమియు లేదు. కుర్చీలు లేవు, బల్లలు లేవు. గోడలమీద పూర్వుల ఛాయాపటములుగాని దేవతల పటములుగాని పట్టాలుగాని లేవు. పటముల నడుమ గోడ కనబడని సావడిలో పుట్టి పెరిగిన మేము ఆమెను నిరుపేదగా భావించి మనసులో జాలిపడితిమి. ఇంతలో ఆమె మమ్ము గది కొనయందున్న ఒక గూటి కెదురుగా కూర్చుండబెట్టెను. నేలకు కొంచె మెత్తుగా, మనుష్యుడు నిలువగలిగినంత లోతుగా గోడలోనికి పోయిన చోటది. దానిని తొకొనోమా యందురు. అందు వ్రేలాడుచున్న పట మొక్కటి. దానిముందు చిన్న కూజాలో రెల్లుపూవు వంటి వెన్ను ఒక్కటి. ఆ గదికంతకు అలంకార మంతియే.

పటము ఒక మూర వెడల్పును మూడు మూరల పొడవును గల కాగితము. పైభాగమున మంచు కప్పిన కొండ. అడుగున ఇసుకతిన్నె, దానిమీద కొన్ని రెల్లుదుబ్బులు. తిన్నెపై ఐదు పక్షులు దిగియున్నవి. పైనుండి మఱి నాలుగు ఏటవాలుగా దిగుచున్నవి. క్రిందనున్న యైదింటిలో నొకటి మెడ నిక్కించి, వచ్చుచున్నవారిని పేరుపెట్టి పిలుచుచున్నట్లు నోరు తెఱచియున్నది. కొండకును తిన్నెకును నడుమ సగముకంటె నెక్కువ కాగితము శూన్యముగనే యున్నది. రంగులు లేవు, నల్లసిరా యొక్కటియే. అవి పెద్దబాతులు. మన ప్రాచీనకవులు మానససరోవరమునకు పోవునవిగా వర్ణించిన హంసలకు ఇవి జ్ఞాతులు. హంస యనగానే మనకు పాలవంటి తెలుపు స్ఫురించునుగాని, ఇవి బూడిదవన్నెవి. అయినను మేము వీనిని హంసలనియే పిలుచుచున్నాము.

మా గృహిణి పటమును కొంతసేపు చూచి, "సగము కాగితము ఊరకనే వదలినారేమి?" అని తెనుగున అనెను. మా కుమార్తె మొగమాటపడుచునే ఆ మాటను జపానుభాషలో చెప్పెను. అవ్వగారు నోటికి చేయి యడ్డము పెట్టుకొని నవ్వి, పక్షులు దిగుటకు చోటు కావలెను గదా యని బదులు చెప్పెను.

ఆమె చిన్ననాట కుంచెపని నేర్చినదట. మఱునాడు మా కోరికపై సిరా యెట్లు తీయుదురో చూపెను. నూనెదీపపు మసినిగాని సరళవృక్షపు కట్టెల పొగమసినిగాని జంతుచర్మములనుండి తీసిన జిగురుతో కలిపి, అచ్చులలో పోసి, ఆరబెట్టి కణికలు చేయుదురు. ఆ కణికను రాతిపై నీటితో అరగదీయవలెను. మన యిండ్లలో గంధము తీయుటకును దీనికిని భేదము లేదు. సిరా చిక్కనైన కొలది నలుపు. నీరు కలిసిన కొలది పొగమంచు. అవ్వగారు కుంచెను ముంచి ఒక్కమాఱు కాగితముపై ఒత్తి లాగెను. ఒక ఱెక్క ఏర్పడెను. మమ్మును చేయుమనెను. మేము చేసినది మరక యయ్యెను. దానిని దిద్దబోతిమి, పెద్దమరక యయ్యెను. ఆ కాగితము సిరాను తక్షణమే త్రాగివేయును. తుడుచుటకుగాని సవరించుటకుగాని వీలులేదు. చేయి తడబడినచో ఆ తడబాటు నూఱేండ్లు అందఱకు కనబడుచుండును.

ఆ తరువాత ఆమె పటమువైపు చూపి, కొండను చిత్రకారు డెట్లు వ్రాసెనో చెప్పుడని యడిగెను. మేము దగ్గఱకు పోయి పరీక్షించితిమి. కొండకు అంచుగీత లేదు. తెల్లరంగు పూసిన జాడయు లేదు. ఎంత చూచినను కుంచె తాకిన గుర్తు కనబడలేదు. అప్పటికి మాకు తెలిసినది. చిత్రకారుడు కొండను వ్రాయనేలేదు. కాగితమును తడిపి, పలుచని సిరాతో చుట్టును ఆకాశమును పఱచి, కొండ యుండవలసిన చోటును తాకక విడిచిపెట్టెను. మేము మంచు అనుకొన్నది వట్టి కాగితము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని కలదు.

ఆ పటము పేరుగన్న చిత్రకారునిది కాదు. అవ్వగారి భర్తయొక్క తాత కొన్నదట. మూలనున్న ముద్ర అరిగిపోయి చదువ శక్యముగాకున్నది. కాని దాని వంశము మాత్రము గొప్పది. చైనాదేశమున షియావ్, షియాంగ్ అను నదుల ప్రాంతమును ఎనిమిది దృశ్యములుగా చిత్రించు సంప్రదాయమునకు 11వ శతాబ్దమువాడగు సుంగ్ తీ ఆద్యుడని ప్రసిద్ధి. ఇసుకతిన్నెపై దిగు హంసలు ఆ యెనిమిదింటిలో నొకటి. 13వ శతాబ్దమున మూ ఛీ అను బౌద్ధభిక్షువు ఈ దృశ్యములను వ్రాసెను. స్వదేశీయులు అతనిని అంతగా గౌరవింపలేదు. జపానువారు మాత్రము నెత్తిన పెట్టుకొనిరి. అతని చిత్రములు అషికాగా పాలకుల సంగ్రహమున చేరినవి. పొడవైన చుట్టగా నుండినదానిని దృశ్యమునకొక ముక్కగా కోసి, గూటిలో వ్రేలాడదీయుటకు తగినట్లు కట్టించిరి. వానిలో హంసల ముక్క నేడు టోక్యోనగరమున ఇదెమిత్సు చిత్రశాలలో నున్నది. తరువాత సెష్షూ అను భిక్షువు 1467లో తానే చైనాకు పోయి, 1469లో తిరిగివచ్చి, కొండలను నీళ్లను తన దేశపు కన్నుతో వ్రాసెను.

క్రమముగా జపానువారు ఆ యెనిమిది దృశ్యములను తమ బివాసరస్సు తీరముననే కనుగొనిరి. ఆ సీమకు పూర్వనామము ఓమి. ఓమి యెనిమిది దృశ్యములలో హిరాకొండపై సంజెవేళ మంచు ఒకటి. కతాతా గ్రామమున దిగు హంసలు ఇంకొకటి. 1834 ప్రాంతమున హిరోషిగె వీనిని చెక్కపలకలపై చెక్కించి అచ్చొత్తింపగా సామాన్యుల గోడలకును అవి చేరినవి. అవ్వగారి పటమున కొండ హిరా, తిన్నె కతాతా. రెండు దృశ్యములను ఒకే కాగితమున ఇమిడ్చినా డాయజ్ఞాత చిత్రకారుడు.

మా అల్లుడు ఒక ఆదివారమునాడు మమ్ము కతాతాకు తీసికొనిపోయెను. సరస్సులోనికి చొచ్చి, స్తంభములమీద నిలిచిన చిన్న బౌద్ధమందిర మొకటి యచ్చట నున్నది. ఆవలిదిక్కున హిరాశ్రేణి కొంచెము మంచు తాల్చి పటములోనున్నట్లే యుండెను. చీకటి పడువఱకు నిలుచుంటిమి. హంస యొక్కటియు దిగలేదు. చిన్న బాతులును నీటికాకులును మాత్రము తిరుగుచుండెను. ఈ హంసలు సైబీరియాలో పిల్లలను పెట్టి, శరత్తున జపానుకు వచ్చి, వసంతమునకు ముందే మరలిపోవును. వేటవలనను, చిత్తడినేలలు పూడిపోవుటవలనను వీని సంఖ్య మిక్కిలి తగ్గగా, 1971లో ప్రభుత్వమువారు వీనిని ప్రకృతిస్మారకముగా ప్రకటించి వేటను మాన్పించిరి. నాటినుండి మరల పెరిగినవి. కాని యిప్పుడు వానిలో అధికభాగము ఈశాన్యమున మియాగి సీమయందలి ఇజునుమా వంటి సరస్సులకు పోవుచున్నవి. కతాతా హంసలు పటములలో నిలిచినవి. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగా, అవ్వగారు నిట్టూర్పు విడువలేదు. అందుచేతనే ఏటేట వీనిని పెట్టెనుండి తీయుచున్నాననెను.

డిసెంబరుమాసము నడుమ ఒకనాడు ఆమె ఒక కఱ్ఱతో పటమును దింపుచుండగా చూచితిమి. ఇంకను కొన్నిదినము లుంచరాదా యని యడిగితిమి. వచ్చుకాలమున వచ్చినవి, పోవుకాలమున పోవలెను; కొత్తసంవత్సరమునకు ఉదయసూర్యుని పటము రావలసియున్నదని చెప్పి, మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, అడుగున నున్న కోలచుట్టును నిదానముగా చుట్టి, పలుచని చెక్కపెట్టెలో పెట్టెను. ఆ గూడు మూడుదినములు వట్టిదిగా నుండెను. ఆ మూడుదినములును మా కన్ను అటే పోయెను.

మేము బయలుదేరునాడు ఆ పెట్టెను రెండుచేతులతో తెచ్చి మా గృహిణికి ఇచ్చెను. మేము అదరిపడి వలదంటిమి. తనకు పిల్లలు లేరనియు, తన తరువాత ఏ యంగడికో పోవుటకంటె పక్షులు వేఱొక దేశము చూచుట మేలనియు ఆమె యనెను. సంవత్సరమునకు ఒక నెలకంటె నెక్కువ వ్రేలాడదీయవద్దనియు, ఎండ తగులనీయవద్దనియు రెండు మాటలు మాత్రము చెప్పెను. మేము రెంటికిని తలయూపితిమి.

మాది బందరు. సముద్రపుగాలియు ఉక్కయు ఎఱిగిన యూరు. వచ్చిన వారమునకే పటమును సావడిలో, పడమటికిటికీ కెదురుగా, అందఱకు బాగుగా కనబడునట్లు తగిలించితిమి. ఒకనెల గడచెను. ఇంకను చూడనివా రున్నారని రెండవనెల ఉంచితిమి. తరువాత లెక్క మఱచితిమి. వచ్చినవారికెల్ల దాని చరిత్ర చెప్పుట మాకొక వ్యసన మయ్యెను. చైనాలో మొదలుపెట్టి బందరులో ముగించెడివారము. ఒకకూరా అను జపాను పండితుడు 1902లో వంగదేశమునకు వచ్చుటయు, అతని శిష్యులగు తైకాన్, షున్సో అను చిత్రకారులు 1903లో కలకత్తాకు వచ్చుటయు, తైకాన్ కాగితమును తడిపి వ్రాయు విధానమును చూచి అవనీంద్రనాథ ఠాకూరు వర్ణములను నీటితో కడుగు పద్ధతి నేర్పఱచుకొనుటయు చెప్పెడివారము. ఆ వంగసంప్రదాయమునకు చెందిన ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు మా యూరి ఆంధ్రజాతీయ కళాశాలకు గురువుగా వచ్చి, అడివి బాపిరాజుగారు మొదలగువారికి నేర్పెను గనుక, ఈ పటము మా యూరికి కొత్తది కాదు, దూరపు చుట్టమే యని ముగించెడివారము. వినువారు మెచ్చుకొనెడివారు. చెప్పుచున్నంతసేపు మేము వారి మొగములనేగాని పటమును చూచెడివారము కాము.

మూడవయేట ఒక మిత్రుడు భోజనానంతరము తాంబూలము వేసికొనుచు, మీ పటములో పక్షులెన్ని యని యథాలాపముగా నడిగెను. మేము తల తిప్పకయే, "ఏడు" అంటిమి. మా కుమారుని కూతురు, ఆఱేండ్లది, ద్వారమునొద్ద ఆడుకొనుచున్నది, "తొమ్మిది, తాతయ్యా" అనెను. అందఱము నవ్వితిమి. ఆ పిల్ల నవ్వలేదు. పటముక్రింద నిలిచి చూచుచు, "తాతయ్యా! కొండ ఏదీ?" అని యడిగెను.

అప్పుడు తల తిప్పి చూచితిమి. కొండ లేదు.

హంసలు తొమ్మిదియు నున్నవి, రెల్లు ఉన్నది, సిరా ఇసుమంతయు చెడలేదు. సిరా యనగా మసి; ఎండ దాని నేమియు చేయజాలదు. కాని కాగితము మూడు వేసవుల పడమటియెండకును మూడు వర్షాకాలముల తేమకును గోధుమవన్నెకు తిరిగియుండెను. కొండ వట్టి కాగితమని ముందే చెప్పితిమి గదా. కాగితము తెల్లదనము పోగానే మంచు పోయినది. మిగిలినది పాటిమట్టిదిబ్బ. అక్కడక్కడ బూజుచుక్కలును మొలచియుండెను. గాలికి అడుగుకోల గోడకు కొట్టుకొని క్రిందియంచున మడత విఱిగినది. ఇది యొక్కరాత్రిలో జరిగినది కాదు. దినదినమును మా కన్నులయెదుటనే జరిగినది. వేయిసార్లు ఆ గోడముందు నడచిన మే మేమి చూచుచుంటిమి? ఎల్లప్పుడును కనబడుచున్నదానిని ఎప్పుడైనను చూడవచ్చునని విడిచితిమి. కనుక ఎప్పుడును చూడలేదు. వ్రాయని భాగమునకు చేటు లేదని తలచితిమి. తీరా చూడ చెడినది అదియే.

మా గృహిణి ఒక్కమాటయు అనక పటమును దింపి చుట్టెను. ఆమె ఏమైన ననియుండినచో మాకు తేలికగా నుండెడిది.

మఱుసటియేడు మరల ఓత్సుకు పోవలసివచ్చినపుడు పెట్టెను వెంట తీసికొనిపోయితిమి. అవ్వగారికి చూపకుండ బాగుచేయించి తెత్తమా యను నీచపుటాలోచన దారిలో ఒకటిరెండుమాఱులు కలిగిన మాట దాచము. మా గృహిణి అందుల కొప్పుకొనలేదు. చాపపై పటము విప్పితిమి. మేము తల వంచుకొని కూర్చుంటిమి. అవ్వగారు చాలసేపు చూచెను. వ్రేలితో గాలిలో ఒక్కొక్క పక్షిని చూపుచు తన భాషలో మెల్లగా లెక్కపెట్టెను. తరువాత, "తొమ్మిదియు క్షేమముగా నున్నవి" అనెను. మమ్ము నిందించు మాట ఆమె నోట అంతకుమించి రాలేదు. అది నిందయో ఓదార్పో మాకు నేటికిని నిర్ణయింప శక్యము కాకున్నది.

ఆమెయే క్యోటోనగరమున పటములు కట్టు పనివా నొకని చూపెను. ఆ విద్యయే వేఱు. పటము వెనుకనంటించు కాగితములకు గోధుమపిండిజిగురు వాడుదురు; అందును కొన్ని పొరలకు పదేండ్లవఱకు కుండలలో నిలువయుంచి పట్టు తగ్గించిన జిగురునే వాడుదురు. గట్టి జిగురైనచో చుట్టునపుడు కాగితము విఱుగును. మెత్తని జిగురైనచో వందయేండ్ల తరువాత మఱొక పనివాడు నీటితో తడిపి సులువుగా విప్పగలడు. తన పనిని ముందువచ్చువాడు విప్పుటకు వీలుగా చేయుట ఆ పనివారి ధర్మము. అతడు వెనుకటి కాగితములను ఊడదీసి, పటమును మంచినీటితో తడుపుచు, అడుగుకాగితమునకు మురికి నెక్కించి తీయుచు కొన్నినెలలు శ్రమించెను. మందులు వేసి తెల్లపఱుపరాదా యని మే మడుగగా, కొండ తెల్లబడునుగాని కాగితము బలహీనపడునని నిరాకరించెను. కొంత వచ్చును, కొంత రాదు. రానిదానిని మీరు చూచుచుండవలెనని చెప్పెను.

కొంత వచ్చినది. కొండ మరల కొండగా తెలియుచున్నది. కాని మంచు ఇప్పుడు పాతదంతపు వన్నెది. మా మూడు సంవత్సరములును ఆ కొండమీద పఱచుకొనియున్నవి.

చదువరులలో అనేకుల యిండ్లలో ఇట్టి పటము ఉండకపోవచ్చును. ఏదో యొకటి యుండును: పెద్దలు వ్రాసిన పుస్తకమో, ఎవరో ప్రేమతో నిచ్చిన వస్తువో, గోడకు తగిలించి మఱచిన బొమ్మయో. దానిని దాచుడని మేము చెప్పుట లేదు. దాచుటయు మఱచుటయే కావచ్చును. కాలము తప్పక తీయుడు, తీసినపుడు చూడుడు, చూచి పెట్టెలో పెట్టుడు. అతిథి నెల్లకాలము సావడిలో నిలుచుండబెట్టుట మర్యాద కాదు. మేము మర్యాద యనుకొని అదియే చేసితిమి.

ఇప్పుడు వానలు వెనుకబట్టి గాలి పొడియైన మార్గశిరమాసమున పటమును పెట్టెనుండి తీయుదుము. పడమటికిటికీకి తెఱ కట్టించితిమి. తగిలించిన సాయంకాలము ఇంటిల్లిపాదియు చాపపై కూర్చుండి చూతుము. మనుమరాలు లెక్కపెట్టును. పక్షులు తొమ్మిదియు చేరినవని అవ్వగారికి జాబు వ్రాయుదుము. పుష్యము రాగానే మా గృహిణి దింపి చుట్టును. ఆ పని మాకు అప్పగింపదు.

మొన్న వేసవిలో మా దూరపు బంధువొకరు వచ్చి, ఖాళీమేకును చూచి అలవాటు ప్రకారము పరామర్శించిరి. మేము జవాబు చెప్పుటకు గొంతు సవరించుకొనుచుండగా, మనుమరాలు తలయెత్తకయే, "అక్కడివాళ్లు ఊరు వెళ్లారండీ. మార్గశిరంలో వస్తారు" అని చెప్పి, తన యాటలో తాను మునిగెను.